మూడో తెర

ఒసాకా, నిప్పొంబాషి. శనివారం, వాన.
పాత ఆటల దుకాణంలో పక్కపక్కనే మూడు టీవీలు.
మూడింట్లోనూ అదే కుర్రాడు, అదే కత్తి,
అదే వంతెన దాటుతున్నాడు.

ముందు నిలబడ్డ అబ్బాయికి పదహారేళ్లుంటాయేమో.
దుకాణం హిరానుమా వాణ్ణి సోజి అని పిలిచాడు.
చేతిలో గళ్ల నోటుబుక్కు, చెవి మీద పెన్సిలు.
చేపలు బేరమాడేవాడిలా
ఒక్కో తెర మొప్ప ఎత్తి చూస్తున్నాడు.

"మంచు చూడండి," అన్నాడు, బహుశా నాతోనే.
"అసలుదాంట్లో పన్నెండు రేకులు రాలతాయి.
సీడీలో లెక్కే లేదు, కానీ తలుపు తీసిన ప్రతిసారీ
ఏడు సెకన్లు చీకటి.
ఈ మూడోది పేద యంత్రం. మూడే రేకులు.
అవే మూడు. మళ్లీ మళ్లీ."

తెలుసు.
ఆ మూడూ నేనే లెక్కపెట్టి వదిలాను.

తొంభై రెండు, ఎండాకాలం. అమగసాకిలో లాండ్రీ పైన ఆఫీసు.
నలుగురం, ఒక ఫ్యాను.
పుట్టెడు వడ్లు గుమ్మంలో కుమ్మరించి
సోలెడు డబ్బాలో పట్టించమన్నారు.
గింజ కింద పడకూడదట.
పడ్డాయి.

పడవవాడి భార్యకు పద్నాలుగు మాటలుండేవి.
రెండు మిగిల్చాను: "రా. తిను."
నది చప్పుడు తీసేశాను.
కత్తి విసురుకు తొమ్మిది బొమ్మలుంటే నాలుగు చేశాను.
గుర్రం పోయాక గుర్రపుశాల ఎందుకని అదీ తీసేశాను.
శాల పోయాక, అందులో పడుకునే ముసలాయన
ఎక్కడికి పోతాడు?
రెండు రోజులు ఆయన గురించే బెంగ.
చివరికి బావి పక్కన కూర్చోబెట్టాను,
రాయి బొమ్మకే ఒక టోపీ పెట్టి.

సంగీతాన్ని మూడు గొంతులకు కుదించింది కుబోయామా.
"సీడీలో వయొలిన్లు. ఇందులో దోమ."
ఇది సోజి నోటుబుక్కులో మాట.
నిజమే, దోమే.
శ్రుతి తప్పని దోమ.

మార్కులు వేశాడు. తొమ్మిది, ఎనిమిది, నాలుగు.
మళ్లీ దిద్ది, "నాలుగున్నర. పాపం," అన్నాడు.
ఆ పాపం ఎవరికో అడగలేదు.

పేజీ అడుగున ఎర్ర గీత మీద ఇంకో వాక్యం:
"బగ్. బావి నీళ్లు కదులుతున్నాయి. మూడోదాంట్లో మాత్రమే."

నా గొడుగు కొస నుంచి కారి
నేల మీద చిన్న మడుగు కట్టింది.

బగ్గా?
పనంతా అయ్యాక, మాస్టర్ కాపీ పంపే రాత్రి,
అడుగున నలభై ఒక్క బైట్లు మిగిలాయి,
గిన్నెకు అంటుకున్న మెతుకుల్లా.
పెద్ద యంత్రాల్లో కథానాయకుణ్ణి వదిలేస్తే
తల గోక్కుంటాడు, ఆవలిస్తాడు, మీవైపు తిరిగి చూస్తాడు.
మావాడికి ఆవలించే చోటు లేదు.
అందుకని వాడు బావి దగ్గర
నిమిషం పాటు ఊరికే నిలబడితే
నీళ్లు ఒక్కసారి కదిలేట్టు రాశాను.
ఎవరికీ చెప్పలేదు. కింద లాండ్రీ అప్పటికే మూసేశారు.

"ఇది నీకెలా కనబడింది?
కనబడాలంటే ఆడకూడదు కదా."

పెన్సిలు కొరికాడు.
"తమ్ముడు ఏడిస్తే లేచి వెళ్లాను. తిరిగొచ్చేసరికి
కదిలింది. నా కళ్లే అనుకున్నాను.
తర్వాత కావాలనే కూర్చుని చూశాను. పద్దెనిమిదిసార్లు."

"పద్దెనిమిదిసార్లూ కదిలిందా?"

"పదిహేడు. ఒకసారి నిద్రపట్టేసింది."

నాలుగున్నర నాలుగున్నరగానే ఉంది.
కార్ట్రిడ్జ్ మీద స్టిక్కరు: మూడు వందల యెన్లు,
అట్టపెట్టె లేదు, బ్యాటరీ చచ్చింది.
కొనలేదు. కొన్నా, పెట్టి ఆడే యంత్రం
నా ఇంట్లో ఎప్పుడూ లేదు.

సోజి కుర్రాణ్ణి బావి దాకా నడిపించి
కంట్రోలరు కింద పెట్టాడు.
ఇద్దరం జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాం.
టోపీ పెట్టుకున్న రాయి, మూడు రేకుల మంచు.
యాభై సెకన్లు. యాభై మూడు.

వెనక నుంచి హిరానుమా:
"ఎవరైనా ఆడుతున్నారా, ఆపేయనా?"